సౌందర్య శస్త్రచికిత్స: కొత్త పద్ధతులు, పాత గీటురాళ్ళు

(పాఠశాల ప్లాటినం జూబిలీ సభలో చేసిన ప్రసంగ పాఠం)



డెబ్బది అయిదేళ్ళ పండుగ జరుపుకుంటున్న పాఠశాలలో సౌందర్య శస్త్రచికిత్సను గూర్చి ప్రసంగమేమిటని కొందరికి సందేహం కలుగవచ్చు. ఆ సందేహానికి సమాధానం ఈ ఊరి జీవితంలోనే ఉన్నది. 2001 ఫిబ్రవరి 28వ తేదీన కోలారు బంగారు గనులు మూతపడ్డాయి. గనిలోకి దిగిన వారి పిల్లలు, మనుమలు నేడు మారికుప్పంలో తెల్లవారుజామున రైలెక్కి బెంగుళూరు చేరుతున్నారు. గనిలో కండబలం చూసి పని ఇచ్చేవారు. నగరంలోని దుకాణాలలో, కార్యాలయాలలో ముఖం చూసి, మాట తీరు చూసి పని ఇచ్చేవారున్నారు. దారి పొడుగునా బట్టతలపై జుట్టు మొలిపిస్తామని, పొట్ట కరిగిస్తామని, రంగు తేలుస్తామని ప్రకటనలు. ఒకప్పుడు సినిమా తారలకే పరిమితమైన ఈ చికిత్సల ప్రస్తావన ఇప్పుడు రాబర్ట్‌సన్‌పేటలో, ఆండర్సన్‌పేటలో సామాన్య గృహాల గడపలోకి వచ్చింది. నెలజీతం కూడబెట్టిన సొమ్ముతోనో, వాయిదాల మీదనో యువతీయువకులు ఈ చికిత్సలకు పోతున్నారు. కాబట్టి ఈ విషయాన్ని తూచి చూడటం పెద్దల బాధ్యత.

ముఖాన్ని బట్టి మనిషిని అంచనా కట్టే లోకపు తీరు ఈ సీమకు కొత్త కాదు. కోలారు జిల్లాలో పలు గ్రామాల బోరుబావుల నీటిలో ఫ్లోరైడు అధికం. ఆ నీరు తాగి పెరిగిన పిల్లల పళ్ళపై సుద్దవంటి తెల్లని చారలు, గోధుమరంగు మచ్చలు ఏర్పడతాయి. నవ్వు వచ్చినప్పుడు చేయి అడ్డం పెట్టుకునే పిల్లలు ప్రతి తరగతిలోనూ ఒకరిద్దరు ఉంటారు. పెళ్ళిచూపులలో పెదవి విప్పని ఆడపిల్లలుంటారు. వారి బాధను అలంకార వ్యామోహమని కొట్టిపారవేయడం న్యాయం కాదు. అందంగా కనబడాలన్న కోరికను వెక్కిరించడం ఈ ప్రసంగ ఉద్దేశం కాదు. ఆ కోరికను నమ్ముకొని కత్తి పట్టేవారిని ఏ గీటురాయిపై గీసి చూడాలన్నదే ఇక్కడి విచారణ.

ముందుగా ఒక మాట. ప్లాస్టిక్ సర్జరీ అనే పేరు విని శరీరంలో ప్లాస్టిక్ పెడతారని భావించేవారు ఇప్పటికీ ఉన్నారు. ఆ పదం గ్రీకు భాష నుండి వచ్చింది. మట్టిని మలచినట్లు మలచడమని దాని అర్థం. ఈ శాస్త్రానికి రెండు కొమ్మలు. చెడిపోయిన అవయవాన్ని సరిచేయడం ఒకటి. దానిని పునర్నిర్మాణ శస్త్రచికిత్స అంటారు. బాగున్న అవయవాన్ని ఇంకా బాగుగా కనబడేటట్లు చేయడం రెండవది; అదే సౌందర్య శస్త్రచికిత్స. పుట్టుకతో పెదవి చీలిన బిడ్డకు కుట్టు వేయడం మొదటి కొమ్మ. సక్రమంగా ఉన్న ముక్కును సన్నం చేయడం రెండవ కొమ్మ. రెంటికీ మొదలు ఒక్కటే, సాధనాలూ ఒక్కటే. అయితే రెంటిలో ప్రమాదాన్ని తూచే త్రాసు ఒక్కటి కాదు. వ్యాధి ఉన్నవాడు కొంత ప్రమాదానికి సిద్ధపడటంలో అర్థమున్నది. ఆరోగ్యవంతుడు అంతే ప్రమాదానికి ఎందుకు ఒడ్డుకోవాలన్నది వేరే ప్రశ్న.

ఈ రెండు కొమ్మల నడుమ గీత ఎంత సన్ననిదో తెలియాలంటే దూరం పోనక్కరలేదు. బంగారుపేటలో రైలెక్కి కాట్పాడిలో దిగితే వచ్చే వేలూరులో, 1940ల చివర డాక్టర్ పాల్ బ్రాండ్ కుష్ఠురోగుల వంకర తిరిగిన చేతులను శస్త్రచికిత్సతో పనికి వచ్చేటట్లు చేశారు. చేతులు బాగుపడినవారు బయటికి వెళ్ళారు. కాని రాలిన కనుబొమలు, కుంగిన ముక్కు చూసి జనం వారికి పని ఇవ్వలేదు. అది గమనించి ఆ వైద్యబృందం కనుబొమలను, ముక్కును సవరించే చికిత్సలు కూడా చేపట్టింది. అది అలంకారమా, అవసరమా? ముఖం బాగుపడితేనే అన్నం దొరికే మనిషికి అది అవసరమే. అందుచేత సౌందర్య చికిత్స అంతా వృథా అని తీర్పు చెప్పడానికి వీలులేదు.

ఈ విద్యకు మన దేశమే పుట్టినిల్లు. సుశ్రుత సంహితలో తెగిన చెవిని, తెగిన ముక్కును చర్మంతో కూర్చే విధానం వర్ణితమై ఉన్నది. ఈ విద్య ఐరోపా దృష్టికి వచ్చిన కథలో మైసూరు యుద్ధాల నేపథ్యమున్నది. హైదరాలీ జన్మస్థలం ఈ జిల్లాలోని బూదికోట. ఆయన కుమారుడు టిప్పు సుల్తాను పాలనలో మూడవ మైసూరు యుద్ధం జరిగినప్పుడు కారన్‌వాలిస్ సైన్యం 1791లో కోలారు మీదుగానే బెంగుళూరుకు సాగింది. ఆ యుద్ధంలో ఇంగ్లీషువారి సైన్యానికి ఎడ్లబండి తోలిన కవాస్‌జీ అనే మరాఠా వాడు టిప్పు సైనికులకు చిక్కగా అతని ముక్కును, ఒక చేతిని కోసివేశారు. దాదాపు ఏడాది తరువాత పూనా ప్రాంతంలో, ఇటుకలు చేసే కులానికి చెందిన ఒక శస్త్రకారుడు అతనికి ముక్కు చేశాడు. మైనంతో ముక్కు ఆకారం చేసి, దానిని నుదుటిపై పరచి గీత గీసి, ఆ మేరకు చర్మాన్ని ఒలిచి, కనుబొమల నడుమ ఒక పాయను తెంచకుండా ఉంచి, చర్మాన్ని కిందికి తిప్పి అతికించాడు. ఆ పాయ గుండా రక్తం ప్రసరించడం వలన కొత్త ముక్కు బ్రతికింది. బొంబాయి రాజధానికి చెందిన ఇంగ్లీషు వైద్యులు ఇది కళ్ళారా చూశారు. 1794లో లండను పత్రిక ఒకటి చిత్రంతో సహా దీనిని ప్రచురించింది.

ఆ వార్త చదివిన లండను వైద్యులలో జోసెఫ్ కార్ప్యూ ఒకరు. కొత్త పద్ధతి చేతికి దొరికింది కదా అని ఆయన మరునాడే కత్తి పట్టలేదు. శవాలపై అభ్యాసం చేశారు. తగిన రోగి దొరకగా 1814లో మొదటిసారి జీవించి ఉన్న మనిషికి ఆ చికిత్స చేశారు. ఫలితాన్ని 1816లో గ్రంథరూపంలో వైద్యలోకం ముందు ఉంచారు. చదివిన నాటికీ, చేసిన నాటికీ నడుమ ఇరవై ఏళ్ళు గడిచాయి. కొత్త పద్ధతిని గౌరవించడమంటే అది.

సుశ్రుతుడు ముక్కు కూర్చే విధానం చెప్పి ఊరుకోలేదు. కత్తి పట్టేవానికి ఉండవలసిన అర్హత కూడా చెప్పాడు. శాస్త్రం చదివిన శిష్యుడు ముందుగా గుమ్మడి, సొర, దోస వంటి కాయలపై కోత నేర్వాలి. తామరతూడులపై సిర వేధించడం నేర్వాలి. గుడ్డపై, మెత్తని తోలుపై కుట్టు నేర్వాలి. బొమ్మకు కట్టు కట్టి చూడాలి. ఇన్ని నేర్చిన తరువాత, రాజు అనుజ్ఞ పొంది, అప్పుడు వృత్తిలో అడుగిడాలి. చదువు, అభ్యాసం, అనుజ్ఞ: ఇవి మూడు గీటురాళ్ళు. వీటికి నేటి కాలం నాలుగవది చేర్చింది. అది సత్యం. జరగబోయేదీ, జరగగల కీడూ రోగికి అర్థమయ్యే భాషలో ముందుగా చెప్పి, అతని సమ్మతి తీసుకోవడం. ఈ నాలుగింటిపై నేటి పద్ధతులను గీసి చూడవచ్చు.

మొదట కొవ్వు తీయడం. దీనిని లిపోసక్షన్ అంటారు. సన్నని గొట్టంతో చర్మం కింది కొవ్వును పీల్చి తీసే ఈ పద్ధతిని 1970ల చివరలో ఫ్రాన్సు వైద్యుడు ఇలూజ్ మెరుగుపరిచారు. ఆ రోజుల్లో రక్తనష్టం ఎక్కువగా ఉండేది. అమెరికా వైద్యుడు క్లైన్ ఉప్పునీటిలో తిమ్మిరి మందు, రక్తనాళాలను ముడిచే మందు కలిపి ముందుగా ఎక్కించే విధానాన్ని 1987లో ప్రచురించారు. దానివల్ల రక్తనష్టం బాగా తగ్గింది. ఇది నిజమైన ప్రగతి. అయినా హద్దులున్నాయి. తిమ్మిరి మందు మోతాదు మించితే గుండెకు, మెదడుకు ప్రమాదం. కొవ్వు కణాలు రక్తంలో చేరి ఊపిరితిత్తులను చేరితే ప్రాణాపాయం. ఒక్కసారి 5 లీటర్లకు మించి తీస్తే అది పెద్ద శస్త్రచికిత్స కిందికి వస్తుంది. రాత్రంతా ఆసుపత్రిలో కనిపెట్టి ఉండాలి. అన్నిటికంటే ముఖ్యం, ఇది స్థూలకాయానికి మందు కాదు. అక్కడక్కడ నిలిచిన కొవ్వును సవరించేది మాత్రమే.

రెండవది సూదిమందు. ముడతలు పోవడానికి, బుగ్గలు, పెదవులు నిండుగా కనబడటానికి జిగురువంటి పదార్థాన్ని చర్మం కింద ఎక్కిస్తారు. కత్తి లేదు, కుట్టు లేదు, గంటలో ఇంటికి పోవచ్చు. అందుచేతనే ఇది శస్త్రచికిత్స కాదన్న భ్రమ కలుగుతుంది. ఆ పదార్థం పొరపాటున రక్తనాళంలోకి పోతే చర్మం చచ్చిపోవచ్చు. కంటిచూపు కూడా పోయిన సందర్భాలు వైద్యశాస్త్రంలో నమోదై ఉన్నాయి. హైఅలురోనిక్ ఆమ్లపు జిగురుకు విరుగుడు మందు ఉన్నది. ఆ విరుగుడు చేతికి అందేచోట లేని గదిలో, దానిని వాడటం తెలియనివారి చేత ఈ సూది వేయించుకోరాదు. లేజరు సంగతీ అంతే. తెల్లని చర్మానికి నిర్ణయించిన కొలతలతో చామనఛాయ చర్మంపై ప్రయోగిస్తే కాలి, ఉన్న మచ్చకు తోడు కొత్త మచ్చ మిగులుతుంది.

మూడవది ఎత్తు పెంచడం. సోవియట్ దేశపు కుర్గాన్ నగరంలో డాక్టర్ ఇలిజరోవ్ ఎముక పొడిగించే పద్ధతిని 1950లలో రూపొందించారు. ఎముకను తెంచి, బయట బిగించిన చట్రంతో దినానికి ఒక మిల్లీమీటరు చొప్పున జరుపుతూ పోతే, ఆ సందులో కొత్త ఎముక పుడుతుంది. పోలియో వలన, ప్రమాదం వలన ఒక కాలు పొట్టిదైన వారికి అది వరమైనది. అదే పద్ధతిని రెండు కాళ్ళూ సరిగా ఉన్నవారు నాలుగైదు అంగుళాల గొప్ప కోసం ఎన్నుకుంటే లెక్క మారిపోతుంది. 5 సెంటీమీటర్లు సాగడానికే 50 దినాలు; ఆ ఎముక గట్టిపడటానికి మరి కొన్ని నెలలు; నడుమ సోకు, నరాల బాధ, కీళ్ళు బిగిసిపోవడం వంటి చిక్కులు. 2016లో హైదరాబాదులో ఒక యువకుడు తల్లిదండ్రులకు తెలియకుండా ఈ చికిత్స చేయించుకున్న ఉదంతం పత్రికలకెక్కి, పెద్ద వివాదమై, వైద్య మండలి విచారణ దాకా వెళ్ళింది. అదే ఏడు చెన్నైలో జుట్టు నాటే చికిత్సకు వెళ్ళిన యువ వైద్య విద్యార్థి మరణించాడు. 2022 మే నెలలో బెంగుళూరులో ఒక యువ టెలివిజన్ నటి కొవ్వు తీసే చికిత్స తరువాత మరణించింది. ఆమె కూడా ఇంట్లో చెప్పి వెళ్ళలేదని తల్లిదండ్రులు విలపించారు.

ఈ ఉదంతాలలో పద్ధతులు వేరు, నగరాలు వేరు. కాని రెండింటిలో ఒక పోలిక ఉన్నది: ఇంట్లోవారికి తెలియకపోవడం. చదువూ అభ్యాసమూ అనుజ్ఞా వైద్యుని వైపు ఉండవలసిన గుణాలు. వాటిని తూచి చూడటానికి రోగి పక్కన మరొక మనిషి ఉండాలి. రహస్యంగా వెళ్ళే పిల్లకు, పిల్లవానికి ఆ మనిషి ఉండడు. ప్రశ్న అడిగేవారు లేనిచోట ప్రకటనే ప్రమాణమవుతుంది. మరి పిల్లలు ఎందుకు దాస్తున్నారు? చెబితే నవ్వుతారని, తిడతారని. దానికి జవాబుదారీ ఇంటిదీ, బడిదీ.

మరి అడగవలసిన ప్రశ్నలేమిటి? మొదటిది, చదువు. ఎం.బి.బి.ఎస్. తరువాత మూడేళ్ళు శస్త్రవైద్యంలో ఎం.ఎస్., ఆపైన మూడేళ్ళు ప్లాస్టిక్ సర్జరీలో ఎం.సిహెచ్. లేదా దానికి సమానమైన డిగ్రీ. మొత్తం పదకొండేళ్ళకు పైబడిన దీక్ష అది. పేరు వెనుక అక్షరాలు చూసి భ్రమపడక, ఆ డిగ్రీ ఏ విషయంలో అని అడిగి, రాష్ట్ర వైద్య మండలి పట్టికలో చూసుకోవచ్చు. రెండవది, అభ్యాసం. ఇదే చికిత్స ఎన్నిమారులు చేశారు, చిక్కు వచ్చినవారిని ఎట్లా కాపాడారు అని అడగడం అమర్యాద కాదు. ప్రదర్శనల్లో చూసినంత మాత్రాన, యూట్యూబులో చూసినంత మాత్రాన సౌందర్య చికిత్సలు మొదలుపెట్టడానికి తగిన శిక్షణ కాదని జాతీయ వైద్య కమిషన్ 2022లో స్పష్టంగా పేర్కొన్నది. గుమ్మడికాయపై కోత నేర్వమన్న సుశ్రుతుని మాటకూ దీనికీ భావం ఒక్కటే.

మూడవది, అనుజ్ఞ. కర్ణాటకలో ప్రైవేటు వైద్యశాలలన్నీ 2007 నాటి చట్టం కింద నమోదు కావాలి. ఆ చికిత్సాలయానికి నమోదు ఉన్నదా, మత్తు వైద్యుడు చికిత్స ముగిసేదాకా ఉంటారా, ప్రాణవాయువు, అత్యవసర మందులు ఉన్నాయా, పరిస్థితి విషమిస్తే ఏ పెద్ద ఆసుపత్రికి తీసుకుపోతారు అని అడగాలి. నాలుగవది, సత్యం. అనుమతి పత్రంపై సంతకం పెట్టించడం వేరు, అర్థమయ్యేటట్లు చెప్పడం వేరు. ఒక చికిత్సకు ఇచ్చిన సమ్మతి మరొక చికిత్సకు చెల్లదని సుప్రీంకోర్టు 2008లో తీర్పు చెప్పింది. రుసుము పుచ్చుకొని చేసే వైద్యం వినియోగదారుల చట్టం పరిధిలోకి వస్తుందని 1995లోనే తేల్చింది. ప్రకటనలతో రోగులను ఆకర్షించడం తగదని వైద్యుల వృత్తి నియమావళి 2002 నుండి చెబుతూనే ఉన్నది. కాబట్టి రాయితీల తేదీ చూపి తొందరపెట్టే చోటికి పోకపోవడం మంచిది.

మంచి వైద్యుని గుర్తించడానికి ఇంకొక ఉపాయమున్నది. కొందరికి ముఖంలో లేని లోపం ఉన్నట్లు తోస్తుంది. దినమంతా అద్దం ముందే గడుస్తుంది. అది మనసుకు పట్టిన వ్యాధి. ఎన్ని కోతలు కోసినా తృప్తి ఉండదు. అటువంటివారిని గుర్తించి మానసిక వైద్యుని వద్దకు పంపేవాడు ఉత్తమ శస్త్రకారుడు. వచ్చిన ప్రతివారికీ సరే అనేవాడు కాక, ఇది మీకు అక్కరలేదని, ఇంకా రెండేళ్ళు ఆగుమని చెప్పగలవాడు నమ్మదగినవాడు.

తిరిగి ఈ జిల్లా పిల్లల పళ్ళ వద్దకు వస్తే, ఈ తూకమంతా అక్కడ కంటికి కట్టినట్లు కనబడుతుంది. ఫ్లోరైడు మచ్చ పన్ను వచ్చిన తరువాత పట్టేది కాదు. చిగురు లోపల పన్ను తయారయ్యే వయసులో, అంటే ఎనిమిదేళ్ళలోపు, తాగిన నీటివల్ల పడేది. కనుక మొదటి చికిత్స నీరు. లీటరు నీటిలో ఫ్లోరైడు 1 మిల్లీగ్రాము లోపు ఉండాలి. వేరే నీటి ఆధారం లేనప్పుడు 1.5 వరకు అనుమతిస్తారు. పసిపిల్లల ఇంట ఈ నీటి పరీక్షకు మించిన సౌందర్య సాధనం లేదు. పడిన మచ్చకు సైతం మెట్లున్నాయి. తేలికపాటి మచ్చకు పై పొరను కొద్దిగా రుద్ది తీయడం, రంగు తేల్చడం సరిపోతుంది. అది చాలనప్పుడు పంటిరంగు పూత. పింగాణీ రేకు అతికించడం చివరి మెట్టు. దానికోసం సాధారణంగా పంటి పింగాణీపొరను కొంత అరగదీస్తారు, అది మళ్ళీ పెరగదు. పదిహేనేళ్ళ పిల్లకు మొదటే చివరి మెట్టు చూపేవాడు ఆమె నవ్వు కంటే తన ఆదాయం ఎక్కువ చూస్తున్నాడని గ్రహించాలి.

మరొక సంగతి తల్లిదండ్రులు, ఉపాధ్యాయులు గుర్తుంచుకోదగినది. పెదవి, అంగిలి చీలి పుట్టిన బిడ్డలకు ఉచిత చికిత్స లభిస్తున్నది. 2013లో ప్రారంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద పుట్టినప్పటి నుండి 18 ఏళ్ళ వరకు పిల్లలను పరీక్షించి ఇటువంటి లోపాలకు వైద్యం చేయిస్తారు. పెదవికి సాధారణంగా మూడు నెలల వయసు దాటాక, అంగిలికి ఏడాది వయసు ప్రాంతంలో శస్త్రచికిత్స చేస్తారు; మాట స్పష్టంగా రావాలంటే జాగు చేయరాదు. అనవసరమైన చికిత్సకు అప్పు చేయడం ఎంత పొరపాటో, అవసరమైన చికిత్సను సిగ్గుతో దాచి ఉంచడం అంతకంటే పెద్ద పొరపాటు.

ఇక బడి చేయగల పని ఒకటున్నది. నల్లోడా, పొట్టోడా, మచ్చలదానా, బుడ్డిదానా అన్న పిలుపులు తరగతిలో పుడతాయి. పిలిచినవారు సాయంత్రానికి మరచిపోతారు. పిలిపించుకున్నవారు ఇరవై ఏళ్ళ తరువాత ఆ మాటను మోసుకొని శస్త్రకారుని గుమ్మం తొక్కుతారు. ఆ పిలుపును మొదటి దినమే ఆపే ఉపాధ్యాయుడు ఒక శస్త్రచికిత్సను ఆపినవాడవుతాడు. ఇంట్లో ఆ బాధను నవ్వకుండా వినే తల్లిదండ్రులు ఉంటే, చికిత్సకు వెళ్ళినా వెళ్ళకపోయినా, ఆ బిడ్డ ఒంటరిగా వెళ్ళడు.

ఈ నేల కింద మూడు కిలోమీటర్లకు పైగా లోతుకు దిగి బంగారం తీసిన ఊరిది. ఎత్తిన రాయినంతటినీ బంగారమని ఎవరూ నమ్మలేదు. దంచారు, కడిగారు, పరీక్షించారు. బంగారం వెళ్ళిపోయిన తరువాత మిగిలిన సయనైడు దిబ్బలు నేటికీ ఊరి చుట్టూ నిలిచి ఉన్నాయి. ఏ పనిలోనైనా వచ్చేదాని లెక్కతోపాటు మిగిలేదాని లెక్క కూడా వేయాలని ఈ ఊరివారికి ఇంకొకరు నేర్పనక్కరలేదు. కత్తి ఎంత నేర్పుగా నడిచినా గాటు మిగులుతుంది. ఆ గాటుకు తగిన ఫలం ఉన్నదా అని ముందుగా అడిగే విద్యను ఈ పాఠశాల తన బిడ్డలకు నేర్పుతూ శతవత్సరోత్సవం వైపు సాగాలని ఆకాంక్ష.

స్వస్తి.